గుర్రపాయనకు కిర్రు చెప్పులు

మొన్న ఆదివారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. ఫోన్ మోగితే ముందు గోడ గడియారం చూసి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం నా అలవాటు. బళ్ళో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పడంవల్ల వచ్చిన జబ్బు అని ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

ఫోన్ చేసింది మా మనవరాలు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. పందేలకు పనికిరాదని తీసేసిన గుర్రాన్ని ఒకదాన్ని కొనుక్కుని, ఊరి బయట ఎవరిదో గుర్రాలశాలలో పెట్టింది. శని, ఆదివారాలు పోయి ఎక్కుతుంది. మిగిలిన రోజుల్లో దాని మేత, నీళ్ళు, మాలిష్, పేడ ఎత్తడం అన్నీ ఇద్దరు మనుషులు చూస్తారు.

"అవ్వా, దసరాకు వాళ్ళిద్దరికీ ఏమన్నా ఇయ్యాలనుకుంటాండా. చలికోట్లు చూసినా. లేదంటే మంచి బూట్లు. బూట్లయితే గొప్పగా ఉంటాయిగదా?"

"వాళ్ళను అడిగినావా?"

"అడిగి ఇస్తే అదేం బహుమానం అవ్వా? చెప్పకుండా ఇస్తేనే సంతోషం."

బూట్లు కొనొద్దు, రాసి పంపుతాను, చదివినాక కొందువులే అని చెప్పి పెట్టేశాను. ఆ రాసిందే ఇది. ఏ సంవత్సరమో నాకు బాగా తెలుసు, వారం కూడా తెలుసు. కాని వేయను. వేస్తే మా వైపువాళ్ళు లెక్కకట్టి ఎవరింటి సంగతో పట్టేస్తారు.

మా ఊరు రాయదుర్గం దాటి, కన్నడం వినబడడం మొదలయ్యే చోట ఉండేది. ఇప్పుడూ ఉంది, నేను చెప్పే ఊరు మాత్రం లేదు. నాయనకు చెదురుమదురుగా మెట్టపొలాలు ఉండేవి. బండిబాట లేని గుట్టల మధ్య ఒక చెక్క, వంక అవతల ఒక చెక్క. వాటిని చూసి రావడానికి ఇంట్లో ఒక గుర్రం ఉండేది. ఆడగుర్రం, చెనిగపొట్టు, అంటే వేరుశనగ పొట్టు రంగుది. ఇంటి వెనక దానికొక రాతిసాల. ఆ సాలకు ఆనించి బోదగడ్డితో వేసిన కొట్టంలో దాన్ని చూసుకునే మొగుడూ పెళ్ళాలు.

మా ఇంట్లో పెద్దవాళ్ళు ఆయన్ను పేరుకు చివర 'గా' తగిలించి పిలిచేవారు. పిల్లలమూ అలాగే పిలిచాం. ఈనాడు ఆ పిలుపు రాయడానికి నా చెయ్యి రాదు. అందుకని గుర్రపాయన అంటాను, ఆయన భార్యను గుర్రపామె అంటాను. ఊరి చివరి పేట వాళ్ళది. ఆదివారం పూట చర్చికి పోయి వచ్చేవారు.

నాకు అప్పుడు పదేళ్ళు. నా బాల్యానికి ఒక వాసన ఉందంటే అది ఉడికే ఉలవలది. సాల ముందు మూడు రాళ్ళ పొయ్యిమీద పెద్ద కుండలో గుర్రానికి గుగ్గిళ్ళు ఉడికేవి. పొయ్యిలో కంపపుల్లల పొగ, గుర్రపు చెమట, ఎండుగడ్డి, వాటి మధ్య ఆ ఉలవల కమ్మదనం. బడినుంచి రాగానే నేనూ తమ్ముడూ సాల దగ్గర చేరేవాళ్ళం. గుర్రపామె గరిటెతో దోసిట్లో పోసేది. ఉప్పు, చిన్న బెల్లంముక్క మేం వంటింట్లోనుంచి దొంగిలించి తెచ్చుకునేవాళ్ళం.

"గుర్రం కూడు తిని తిని మీరు సకిలిస్తారు సూడు" అనేది ఆమె. మేం నిజంగానే సకిలించేవాళ్ళం. గుర్రం చెవులు మావైపు తిప్పేది.

ఆ చెవులు తిప్పడం గురించి ఒక సంగతి ముందే చెప్పేస్తాను. దాచి చివర్లో బయటపెట్టే కథలు నాకు గిట్టవు. ఆ గుర్రానికి చూపు పోతోంది. మాకెవరికీ తెలియదు, ఆ ఇద్దరికే తెలుసు. ఆ ఏడు కరువు. చెనిగ పైరు మొలకలోనే మాడింది. వంకలో చెలమ తవ్వితే బురద వచ్చేది. పనికిరాని పశువుకు మేత లేదని నాయన అప్పటికే ఒక జత ఎద్దుల్ని అమ్మేశాడు. గుర్రం గుడ్డిదని తెలిస్తే మరుసటి సంతకు తోలేస్తాడు. గుర్రం పోతే ఆ ఇద్దరికీ పని లేదు, తలదాచుకునే కొట్టమూ లేదు. అందుకని వాళ్ళు నోరు మెదపకుండా గుర్రానికి కళ్ళయి బతికారు.

నాయన నడుము పట్టేసి స్వారీ తగ్గించిన కాలం అది. ఎప్పుడైనా ఎక్కినా గుర్రపాయన ముందు కళ్ళెం పట్టుకుని నడిచేవాడు, ఏదో ఒకటి మాట్లాడుతూ. నాయన దాన్ని తనకిచ్చే మర్యాద అనుకునేవాడు. సాలలోకి అడుగుపెట్టే ముందు కూడా ఆ మనిషి వాకిట్లోనుంచే మొదలుపెట్టేవాడు. "వస్తాండా తల్లీ, ఎడంపక్క వస్తాండా. ఇదో, తొట్టికాడ ఉండా." మాకది వేళాకోళం. తమ్ముడు గుర్రమయ్యేవాడు, నేను తుండుగుడ్డ తలకు చుట్టుకుని "వస్తాండా తల్లీ" అంటూ వాడి వీపుమీద చరిచేదాన్ని. గుర్రపాయన చూసి నవ్వేవాడు కూడా.

ఒకసారి నీళ్ళ బకెట్ కాలికి అడ్డమొచ్చిందని పక్కకు జరిపాను. గుర్రపామె పరుగెత్తుకొచ్చింది.

"పాపా, బకెట్ యాడుండేది ఆడనే పెట్టు. మీ ఇల్లు సర్దుకో పో, నా సాల సర్దద్దు."

మా ఇంట్లో పనిచేసే మనిషి నన్ను అలా గద్దించడం అదే మొదటిసారి. అమ్మకు చెబుదామనుకున్నాను. ఇంతలో దోసిట్లో గుగ్గిళ్ళు పడ్డాయి, మరిచిపోయాను.

ఇక కానుకల సంగతి. మా ఇంట్లో ఆయుధపూజకు ఒక ఆచారం ఉండేది. నాగలి, కొడవలి, తక్కెడ, కుట్టుమిషన్, గుర్రం అన్నింటికీ పసుపు కుంకుమలు పెట్టేవారు. ఏ పనిముట్టుకు పూజ చేస్తే, దాన్ని ఏడాది పొడుగునా చూసుకున్న మనిషికి కానుక. ఎవరికేమివ్వాలో పండగకు పదిరోజుల ముందు అందరూ నడవలో కూర్చుని తేల్చేవారు. తీసుకునేవాళ్ళు తప్ప అందరూ ఉండేవారు.

ఆ ఏడు అనంతపురంలో కాలేజీ చదివే మా చిన్నాయన సెలవులకు వచ్చి ఉన్నాడు. నాయన తమ్ముడు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, ఇంట్లో ఉన్నంతసేపూ ఎవరితోనో ఒకరితో వాదం. మా జేజి, అంటే నాయన తల్లి, తమలపాకు నములుతూ మొదలుపెట్టింది.

"ఆయప్పకు పంచె, ఆయమ్మకు కోక. ఎప్పుడూ ఇచ్చేదేగదా. దీనికి ఇంత పంచాయితీ ఏల?"

"ఈ తూరి కంబళి ఇద్దామత్తా. సాలలో చలిగాలి కొడతాండాది" అంది అమ్మ.

"వదినా, కంబళి ఇస్తే కప్పుకొని మూల పడుకుంటాడు. నలుగురికీ కనబడేది ఇయ్యల్ల. చెప్పులిద్దాం" అన్నాడు చిన్నాయన.

జేజి నమలడం ఆపింది. "చెప్పులా? యాడ తొడుక్కొని తిరగల్లప్పా? నీ నెత్తినా?"

"మన అరుగు ముందరనేమా."

అందరూ నాయన ముఖం చూశారు. ఆ పేటనుంచి వచ్చేవాళ్ళు మా వీధి మొదట్లోనే చెప్పులు విప్పి చేత పట్టుకుని నడవాలి. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. గుర్రపాయనకు ఆ బాధ కూడా లేదు, ఆయన ఎప్పుడూ ఒట్టికాళ్ళతోనే ఉండేవాడు. అది కూడా భయమేనని చిన్నాయన అనుకున్నాడు.

"ఊర్లో పెద్దోళ్ళు ఏమంటారురా?" అన్నాడు నాయన.

"నువ్వు ఊరుకో అంటే ఊరుకుంటారు. నువ్వు అనవు, అంతే."

నాయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరే. ఇచ్చేదయితే కిర్రు చెప్పులే ఇయ్యండి. మన గుర్రపోడు నడిస్తే నాలుగు వీధులకు వినబడల్ల."

నాయన మంచి మాటలో కూడా తన ఇల్లే ఉండేది. అయినా అది మంచి మాటే. చిన్నాయన లేచి అన్న కాళ్ళకు మొక్కినంత పనిచేశాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు మా ఇంటిమీద ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. ఆ నడవలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఇన్నేళ్ళుగా నన్ను తొలిచేది అదే.

కిర్రు చెప్పులంటే ఈ కాలంవాళ్ళకు తెలియదు. దళసరి తోలు, పైకి తిరిగిన ముక్కు, నడిస్తే ప్రతి అడుక్కీ కిర్రు కిర్రుమని మోత. ఊరి పెద్దలే తొడిగేవారు. వాళ్ళు రెండు సందుల అవతల ఉండగానే అరుగులమీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు.

కొలత తెచ్చే పని నాది. "అడగద్దు పాపా, తెలిసిపోతాది" అన్నాడు చిన్నాయన. సాల ముందు నీళ్ళు ఒలికిన చోట గుర్రపాయన అడుగు స్పష్టంగా పడి ఉంది. కందిపుల్ల ఒకటి పెట్టి పొడుగు విరిచాను, ఇంకోటి పెట్టి వెడల్పు విరిచాను. నా మొదటి కొలత పని అది, తప్పు పోలేదు. చిన్నాయన ఆ పుల్లలు చొక్కా జేబులో పెట్టుకుని రాయదుర్గం పోయాడు. చెప్పులు కుట్టే ముసలాయన వెడల్పు పుల్ల చూసి "ఎవురిదప్పా ఇది, మనిషిదా ఏనుగుదా?" అన్నాడని వచ్చి చెబితే ఇంటిల్లిపాదీ నవ్వాం.

చెప్పులు వచ్చాక దేవుడి గదిలో అటకమీద దాచారు. ఆముదం పట్టించిన కొత్త తోలు వాసన ఇల్లంతా కమ్మింది. నేనూ తమ్ముడూ ఎవరూ లేనప్పుడు దించి, ఒక్కో చెప్పులో రెండేసి కాళ్ళు పెట్టి గెంతి, కిర్రుమనగానే భయపడి మళ్ళీ ఎక్కించేవాళ్ళం.

ఆయుధపూజ నాడు పొద్దున్నే గుర్రాన్ని కడిగారు. నుదుట కుంకుమ పెట్టారు. కరువులో మా తోటలో పువ్వు లేక, బంతిపూలు రాయదుర్గం సంతనుంచి వచ్చాయి. వంటింట్లో ఓళిగలు కాలుతున్నాయి. నెయ్యి తక్కువ, నూనె ఎక్కువ, అయినా పండగే. తక్కెడకూ మిషన్‌కూ పూజలయ్యాక గుర్రం వంతు వచ్చింది. నాయన అరుగుమీద కూర్చున్నాడు. గుర్రపామెకు జేజి కోక ఇచ్చింది. చిన్నాయన చెప్పులు తెచ్చి గుర్రపాయన ముందు నేలమీద పెట్టాడు.

ఆయన చెప్పుల్ని చూశాడు, తర్వాత పెళ్ళాన్ని చూశాడు. ఆమె ముఖంలో రంగు పోయింది.

"వద్దు సామీ. పంచె ఇయ్యండి, సాలు."

"ఇంకా భయమేనా? మా అన్న ఈడనే ఉండాడు. ఎవురేమంటారో నేను సూస్తా."

"భయం గాదు సామీ. నాకు అలవాటు లేదు. సాలలో ఇవి..." అని ఆగిపోయాడు. ఆ తర్వాతి మాట చెబితే గుర్రం పోతుంది.

"అలవాటు అదే అయితాది" అన్నాడు నాయన.

జేజి అందుకుంది. "పండగపూట ఇచ్చినదాన్ని వద్దనగూడదప్పా. ఇంటికి మంచిది గాదు."

గుర్రపామె మాత్రం ఇంకోసారి ప్రయత్నించింది. "ఆదివారం సర్చికి ఏసుకుంటాడులే తల్లీ. ఇప్పుడు సంకన పెట్టుకొని పోతాడు."

"సంకన పెట్టుకొనేదానికా ఇంత దూరం పోయి తెచ్చింది?" అని చిన్నాయన నవ్వి, వంగి, తన చేత్తో ఆ చెప్పుల్ని ఆయన కాళ్ళ దగ్గరకు జరిపాడు. మా ఇంటి మగవాడు ఆయన కాళ్ళ దగ్గర వంగాక ఇక ఆ మనిషికి దారి లేదు. తొడుక్కున్నాడు.

"ఈడనుంచి సాలదాకా నడువు. దండ తీసుకొనిపోయి గుర్రానికి నువ్వే ఎయ్యి" అన్నాడు నాయన.

గుర్రపాయన దండ చేతికి తీసుకుని కదిలాడు. కిర్రు. ఎదురింటి అరుగుమీద ముసలాయన ముఖం తిప్పుకున్నాడు. కిర్రు, కిర్రు. పిల్లలం వెంటబడ్డాం. ఇంటి పక్క సందులోకి తిరిగేదాకా ఆయన తల వంచుకునే నడిచాడు. సందు మధ్యలో ఏమనిపించిందో, తల ఎత్తాడు. వీపు నిటారుగా అయింది. ఒక చిన్న నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు నేను చూశాను. ఆ మనిషికి చెప్పులు ఇష్టం లేవని ఎవరన్నా అంటే ఒప్పుకోను.

సాల వాకిట్లో అలవాటుగా నోరు తెరిచాడు. "వస్తాండా త..."

"ఉష్! మాట్లాడద్దప్పా. కిర్రు వినబడల్ల, కిర్రు!" అన్నాడు చిన్నాయన వెనకనుంచి, సంబరంగా.

ఆయన నోరు మూసుకున్నాడు. గుర్రపామె "అయ్యో, వద్దు" అంటూ జనాన్ని తోసుకుని వస్తోంది. ఆమెను ఎవరూ పట్టించుకోలేదు. గుర్రం చెవులు వెనక్కి పడిపోయాయి. దానికి తెలిసిన అడుగు కాదు, తెలిసిన గొంతు లేదు, తెలిసిన వాసన మీద ఆముదం. కిర్రు కిర్రుమని ఏదో తన వెనక్కు వస్తోంది, దాని వెనక గుంపు. అది వెనక కాళ్ళు రెండూ ఎత్తి తన్నింది.

ఎండుకట్టె విరిగిన చప్పుడయింది. గుర్రపాయన గోడకు కొట్టుకుని పడ్డాడు. కుడి మోకాలు పక్కకు తిరిగిపోయింది. గుర్రం తాడు తెంపుకునేలా గింజుకుంటోంది, ఎవరూ దగ్గరకు పోలేకపోయారు. కిందనుంచే, పళ్ళ బిగువున, ఆయన అన్నాడు: "నేనే తల్లీ. నేనే. ఈడుండా."

గుర్రం ఆ గొంతువైపు తిరిగి ఆగిపోయింది. ఒళ్ళంతా వణుకుతూ, ముక్కు కిందికి దించి, గాల్లో ఆయన్ను వెతికింది. ఆయన ఎదురుగానే పడి ఉన్నాడు. అది వెతుకుతోంది. అప్పుడు నాయన ముందుకు వచ్చి దాని కంటి ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప కదలలేదు. రెండో కంటి ముందూ ఆడించాడు. ఇంట్లోకి పోయాడు. ఆ రోజు ఓళిగలు ఎవరూ తినలేదు. మరునాడు చీమలు పట్టాయి.

గుర్రాన్ని మడకశిర వైపునుంచి వచ్చిన కన్నడాయన ఒకాయన కొనుక్కున్నాడు. గుడ్డిదని చెప్పే అమ్మారు. సున్నపు గానుగ తిప్పడానికయితే చూపెందుకన్నాడు. పోయేటప్పుడు సాల వాకిట్లో గుర్రం నిలబడిపోయి చెవులు కొట్టంవైపు తిప్పింది. కట్టు కట్టుకుని లోపల పడుకున్న మనిషి గొంతు ఎత్తలేదు. ఎత్తితే అది కదలదని ఆయనకు తెలుసు.

నాయన వాళ్ళను పొమ్మనలేదు, కట్టు విప్పేదాకా గింజలు పంపాడు. కట్టు విప్పాక వాళ్ళే పోయారు. కాలు వంగదు, గుర్రం లేదు, ఇంక ఆ కొట్టంలో ఏముంది? తాడిపత్రిలో బండలు కోసే చోట ఆమెకు పని దొరికిందన్నారు. కొట్టం ఊడ్చి, అలికి, చెప్పుల జతను గుమ్మం పక్కన ఒబ్బిడిగా పెట్టి పోయారు. విసిరేసి పోయినా బాగుండేది.

ఊరు ఇంకో మాట పుట్టించింది. "చెప్పులేసుకొని పోతే గుర్రం గూడా ఒప్పుకోలేదు సూడు." ఆ మాట మా వీధిలో చాలా ఏళ్ళు తిరిగింది. ఆ పేటవాళ్ళు అంతకు ముందు వీధి మొదట్లో విప్పేవారు, ఆ తర్వాత ఇంటిదగ్గరే విప్పి వచ్చేవారు.

చిన్నాయన తాడిపత్రి పోయి వాళ్ళను వెతికి పట్టుకున్నాడు. అక్కడ ఏం జరిగిందో నేను పెళ్ళయి పోయే ముందు ఒకసారి అడిగితే చెప్పాడు. గుర్రపాయన అరుగుమీద కాలు చాచుకుని కూర్చుని, రండి సామీ అన్నాడట. చిన్నాయన క్షమించమని అడిగాడు. "మీరు మంచికే ఇచ్చినారు సామీ" అని ఆయన తల తిప్పుకున్నాడు. బండల దుమ్ముతో తెల్లగా అయిపోయిన గుర్రపామె మాత్రం మాట్లాడింది.

"మీకు ఏం కావల్లని మమ్మల్ని ఒక్క మాట అడిగిండకూడదా సామీ? అడిగింటే ఒక గజ్జె అడిగిండేవాళ్ళం. ఒకే ఒకటి. ఆయన కాలికి కట్టుకునేదానికి. ఆయన నోరు నొచ్చేదాకా మాట్లాడేపని తప్పుతాండె, గుర్రానికీ తెలుస్తాండె."

"మీరే అడిగిండొచ్చుగదమ్మా?"

"మొగోడు గజ్జె కట్టుకుంటే మీరు నగరా? ఎందుకని అడగరా? మేం అడిగితే చెప్పల్ల. మీరు అడిగింటే, పండగ కానుకని ఊరుకుందురు."

చిన్నాయన తర్వాత పెద్ద ఉద్యోగమే చేశాడు. ఎవరికి ఏదివ్వాలన్నా చేతికి డబ్బే ఇచ్చేవాడు. పిసినారి బుర్ర, ఒక వస్తువు ఎంచి ఇవ్వడం చేతకాదు అని అతని భార్య ఎత్తిపొడిచేది. అతను నవ్వేవాడు, పాత నవ్వు కాదు.

ఇంతవరకు రాసి పంపిన మూడోరోజు మా మనవరాలు మళ్ళీ ఫోన్ చేసింది.

"అడిగినా అవ్వా. ఏమీ వద్దు మేడమ్ అన్నారు. మళ్ళీ అడిగినా. అప్పుడు, పండగనాడు పొద్దున మీరొచ్చి గుర్రాన్ని చూసుకుంటే మేమిద్దరం ముందురోజే ఊరికి పోతాం అన్నారు. మూడేండ్లయిందంట పండక్కి ఇంటికి పోయి. నాకు పేడ ఎత్తడం రాదే!"

"నేర్పించమను. పోయే ముందు నేర్పించి పోతారు."

"చలికోట్లు?"

"అవీ ఇయ్యి, వాళ్ళకు పట్టేవి చూసుకోమను. ముందు ఇంటికి పోనీ."

సరే అంది. లెక్క తేల్చి ముగిస్తాను. ఆ పండగకు పోయినవి: మనిషి మోకాలు ఒకటి. గుర్రం ఒకటి. ఒక సంసారం తలదాచుకున్న కొట్టం ఒకటి. చిన్నాయన పాత నవ్వు. ఆ పేటవాళ్ళు మా వీధిలో చెప్పులతో నడవాల్సిన ఏళ్ళు కొన్ని, అవి ఎన్నో నా దగ్గర సరైన లెక్క లేదు. చెప్పులు ఒక జత, అరుగు ముందునుంచి సాలదాకా వాడినవి. గజ్జె కొననే లేదు కాబట్టి అది ఈ లెక్కలోకి రాదు.